షుగరు తగ్గిపోయింది

ఆ ఇంట్లో చొక్కా ఉతకడమంటే ముందు సోదా చెయ్యడం. మొగుడి డ్యూటీ చొక్కాని బకెట్లో వేసే ముందు డబ్బాలక్క జేబు తిరగేస్తుంది, కుట్ల మూలల్లో వేలితో గీకుతుంది, ఆ వేలిని వాసన చూస్తుంది. సిగరెట్ల కోసం కాదు, మందు కోసం అసలే కాదు. ఆ అలవాట్లేవైనా ఉంటే ఇరుగుపొరుగుతో చెప్పుకుని ఏడవడానికైనా కాస్త గౌరవంగా ఉండేది. ఆవిడ వెతికేది చాక్లెట్ కాగితం కోసం.

ఆ మొగుణ్ణి బస్సు డిపోలో అందరూ చీమ అంటారు. బక్కగా ఉంటాడని కాదు, మనిషి నిండుగానే ఉంటాడు. తీపి ఎక్కడుంటే అక్కడికి ఎవరూ పిలవకుండానే, దారి అడక్కుండానే చేరిపోతాడని ఆ పేరు. డ్రైవరుగా మాత్రం వంక పెట్టలేం. ఇన్నేళ్ళలో ఆయన బస్సు ఎవరి సైకిలుకీ చిన్న గీత కూడా పెట్టలేదు. ఆయన స్టీరింగు పట్టుకుంటే వెనకాల చంటిపిల్లల తల్లులు కూడా నిశ్చింతగా కునుకు తీస్తారు. అదే మనిషి పక్కన మిఠాయి డబ్బా పెట్టి కునుకు తీస్తే, లేచేసరికి డబ్బా మాత్రం ఉంటుంది.

చీమ అన్న పేరు చాలదన్నట్టు ఒంట్లోకి షుగరు కూడా వచ్చింది. వచ్చి చాలా కాలమైంది గానీ, మొన్నటి దాకా ఇంట్లో ఓ మూల పడి ఉండే ముసలి చుట్టంలా పెద్దగా అల్లరి చెయ్యలేదు. కిందటిసారి డిపో డాక్టరు రక్తం రిపోర్టు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టర్లు కళ్ళజోడు తీశారంటే మంచి మాట రాదని డబ్బాలక్కకి తెలుసు.

"పండగ సెలవులు అవగానే మళ్ళీ పరీక్ష చేస్తాను. ఈలోపు షుగరు తగ్గాలి. తగ్గకపోతే స్టీరింగు ముట్టుకోనివ్వను. గేటు దగ్గర కుర్చీ వేయించి కూర్చోబెడతాను" అన్నాడు. మాత్రలు పెంచాడు. ఇంకా ఏవేవో జాగ్రత్తలు చెప్పాడు. కుర్చీ మాట విన్నాక మిగతావేవీ మొగుడూ పెళ్ళాల చెవికి ఎక్కలేదు.

చెప్పక చెప్పక ఈ మాట పండగ సెలవుల ముందే చెప్పాలా? ఆ రోజుల్లో ఊళ్ళో గాలి పీల్చినా తియ్యగానే ఉంటుంది. ఆఫీసుల్లో బల్లల మీద డబ్బాలు, బ్యాంకులో కౌంటరు మీద చాక్లెట్ల గిన్నె, మెట్లెక్కుతుంటే ప్రతి తలుపు సందులోంచీ నెయ్యి వాసన. రోజూ అదే బస్సెక్కే ప్రయాణికులు డ్రైవరు చేతిలో ఏదో ఒకటి పెట్టందే దిగరు. పైగా డబ్బాలక్క పని చేసేదేమో మిఠాయి కొట్లో. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తూకం వేసిన మిఠాయిలని డబ్బాల్లో సర్ది, రిబ్బను కట్టడం ఆవిడ పని. అందుకే ఆ పేరు.

సాయంత్రం కొట్లోంచి బయటపడే ముందు ఆవిడ మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, చీర మార్చుకుని, జుట్టు దులుపుకుని మరీ బయల్దేరుతుంది. అయినా గుమ్మంలో అడుగు పెట్టగానే చీమ ముక్కుపుటాలు అదురుతాయి.

"ఇవాళ బాదం పని నడిచినట్టుందే?" అంటాడు.

"ఇవాళ నీ తలకాయ పని నడిచింది" అంటుంది ఆవిడ.

సీజను మొదట్లో ఆవిడకి చొక్కా జేబులో మెరుపు కాగితం దొరికింది. తీసుకెళ్ళి ఆయన ముందు బల్ల మీద పరిచింది. చీమ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

"ఏంటిది?"

"కాగితం."

"అది నాకూ కనపడుతోంది. లోపలిదేదీ?"

"ఎవరో ప్రయాణికుడు సీటు కింద పడేశాడే. శుభ్రంగా ఉండాలని తీసి జేబులో వేసుకున్నా."

"నీ మీసానికి అంటుకున్నది కూడా సీటు కింద దొరికిందేనా?"

చీమ మీసం తుడుచుకున్నాడు. ఆ తుడుచుకున్న వేలిని ఏం చెయ్యాలో తెలియక కాసేపు గాల్లోనే ఉంచాడు. "ఒక్కటేనే" అన్నాడు చివరికి.

ఒక్కటే. ఆ మాట వింటే డబ్బాలక్కకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పక్కింటి టీచరమ్మ పళ్ళెం పట్టుకొచ్చి ఒక్కటేగా అంటుంది. కండక్టరు తన కూతురు పాసైందని ఒక్కటే అన్నా అంటాడు. ఊళ్ళో ఇంతమంది తలా ఒక్కటీ పెడితే, ఆ ఒక్కట్లన్నీ వెళ్ళి చేరేది ఒక్క కడుపులోకే కదా. ఈ లెక్క ఎవరికీ అక్కర్లేదు. ఎవరింటి ఒక్కటి వాళ్ళకి ముద్దు.

తర్వాత టీ కొట్టు భాగోతం బయటపడింది. డిపో గేటు పక్కనున్న టీ కొట్టాయనతో "మా ఆవిడ ఒప్పుకుందయ్యా, రోజుకో తీపి బిస్కెట్టు పర్లేదంది" అని చెప్పి చీమ వారం పాటు హాయిగా నడిపించాడు. అది కుదరని రోజున గోడకి ఆనుకుని "కళ్ళు తిరుగుతున్నాయి తమ్ముడూ, ఏదన్నా తియ్యగా పెట్టు" అని కండక్టరు ముందు నాటకమాడాడు. పాపం కండక్టరు కంగారుపడి తన డబ్బాలోని కేకు ముక్క పెట్టాడు. తినగానే చీమ హుషారుగా లేచి, ఈల వేసుకుంటూ బండెక్కాడు.

ఈ సంగతి తెలిసిన రోజు డబ్బాలక్క పని మధ్యలో చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని డిపోకి వచ్చిపడింది. టీ కొట్టాయననీ కండక్టరునీ ఎదురుగా నిలబెట్టింది.

"ఆ మనిషి గడ్డం పట్టుకు బతిమాలినా పెట్టొద్దు. కళ్ళు తిరిగాయన్నా పెట్టొద్దు. మా ఆవిడ ఒప్పుకుందంటే అసలే పెట్టొద్దు."

"నువ్వే ఫోన్ చేసి పెట్టమంటే వదినా?" అని కండక్టరు నవ్వాడు.

"నేనే ఫోన్ చేసి చెప్పినా పెట్టొద్దు. ఎవరిచేతో నా గొంతు పెట్టించి మాట్లాడించినా మాట్లాడిస్తాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు పట్టాలి."

ఇద్దరూ తలలూపారు. ఆ తర్వాత డిపోలో చీమని కాపలా కాయడం అందరికీ ఓ ఆటయిపోయింది. ఎవరైనా మిఠాయి డబ్బా తెరిస్తే "చీమ మందు చల్లండ్రోయ్" అని అరిచేవాళ్ళు.

అన్ని కాపలాలూ చెయ్యలేని పని ఒక కుర్చీ చేసింది. ఓ సాయంత్రం చీమ ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే కూర్చుండిపోయాడు.

"గేటు దగ్గర కుర్చీ చూశానే ఇవాళ" అన్నాడు. "దాని ఒక కాలు పొట్టిది. కూర్చుంటే ఊగుతోంది. కింద అట్టముక్క పెట్టారు."

"నువ్వెందుకు కూర్చున్నావు అందులో?"

"ఎలా ఉంటుందో చూద్దామని." బూటు కొసతో నేల మీద గీత గీశాడు. "బండ్లన్నీ నా ముందు నుంచే బయటికెళ్తున్నాయే. ఒక్కడూ నా వంక చూడలేదు."

ఆ మనిషి నడిపేటప్పుడు ఎలా ఉంటాడో డబ్బాలక్కకి తెలుసు. పెళ్ళైన కొత్తలో ఆయన బస్సులో ముందు సీట్లో కూర్చుని ఊరు చివరిదాకా వెళ్ళి, మళ్ళీ అదే బస్సులో వెనక్కొచ్చేది. ఆవిడ కింద కూర్చుని ఆయన బూట్ల లేసులు విప్పింది.

ఆ రోజు నుంచి చీమ తీపి మానేశాడు. జేబులో కాగితాల్లేవు. మీసం మీద మరకల్లేవు. మాత్ర ఒక్క పూట కూడా తప్పలేదు. టీచరమ్మ పళ్ళెం తెస్తే లేచి వెళ్ళి స్నానాలగదిలో తలుపేసుకుని, ఆవిడ వెళ్ళాక వచ్చేవాడు. సంతోషించాల్సింది పోయి డబ్బాలక్కకి భయం రెట్టింపైంది. దొరికే దొంగతో బాధ లేదు, దొరకని దొంగతోనే బాధ. కొత్త దారేదో కనిపెట్టాడేమోనని బూట్లలో వెతికింది, గొడుగు మడతలు విప్పి చూసింది. ఏమీ దొరకలేదు. నిజంగానే మానేశాడని నమ్మకం కుదిరాక ఇంకో భయం పట్టుకుంది. ఇంత చేసీ తగ్గకపోతే?

ఆ భయంతోనే ఆయన పళ్ళెంలోంచి మిగతావి కూడా తీసేయడం మొదలుపెట్టింది. అన్నం తగ్గించింది. పళ్ళు మానిపించింది. పాలు ఆపేసింది. మాత్రలు మాత్రం పెంచినవి పెంచినట్టే నడిచాయి. చీమకి కుర్చీ గుర్తొచ్చేదో ఏమో, ఎంత పెడితే అంత తిని లేచేవాడు.

పరీక్ష దగ్గరపడింది. ఓ పొద్దున ఎప్పట్లాగే ఆయన టిఫిన్ ముందు కూర్చోగానే డబ్బాలక్క చెయ్యి చాపి పళ్ళెంలో సగం తీసేసింది.

"ఇవాళ కాస్త తలనొప్పిగా ఉందే" అన్నాడు చీమ.

"సగం తింటే తలనొప్పి తగ్గదా? ఈ కొన్ని రోజులు ఓర్చుకోవయ్యా. డ్యూటీ మధ్యలో వీలు చూసుకుని పక్కసందులో ల్యాబుకెళ్ళి రక్తం చూపించుకో. ఎంతుందో ముందే తెలిస్తే నాకు నిద్రన్నా పడుతుంది."

"సరే" అని మాత్ర వేసుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దిగేటప్పుడు గోడ పట్టుకున్నాడు. అది తర్వాత గుర్తొచ్చింది ఆవిడకి. అప్పుడు మాత్రం చెయ్యి కడుక్కుని కొట్టుకి పరిగెత్తింది.

కొట్లో ఇసకేస్తే రాలని జనం. సెలవుల చివరి రోజులు కదా, మిఠాయి ఇవ్వడం మర్చిపోయిన చుట్టాలందరూ ఒకేసారి గుర్తొస్తారు మనుషులకి. ఓనరమ్మ తూకం దగ్గర నిలబడి గొంతు చించుకుంటోంది. డబ్బాలక్క నెత్తిన కాగితం టోపీ, చేతులకి గ్లౌజులు, చంకలో రిబ్బను చుట్ట. అలాంటప్పుడు మోగింది ఫోను. గ్లౌజు పళ్ళతో లాగి, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుంది.

"ఏమే..." చీమ గొంతు ఎక్కడో దూరంగా వినపడింది. "షుగరు తగ్గిపోయిందే..."

"ఏంటీ?"

"తగ్గిపోయిందే షుగరు... నువ్వొకసారి..."

"తగ్గిందా!" డబ్బాలక్క అరిచిన అరుపుకి ముందున్న జనం వెనక్కి జరిగారు. "అమ్మయ్య! నా బంగారు కొండవయ్యా నువ్వు! ఇక్కడ జనం మీద పడిపోతున్నారు, సాయంత్రం ఇంటికొచ్చాక చెప్దువుగాని." ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత కాసేపు ఆవిడ చేతులు ఎవరివో అన్నంత వేగంగా ఆడాయి. రిబ్బన్లు వాటంతటవే ముడిపడ్డాయి. కనపడ్డవాళ్ళకల్లా చెప్పింది. "మా ఆయనకి షుగరు తగ్గింది." ఓనరమ్మ తూకం వదిలేసి వచ్చి, పళ్ళెంలోంచి ఓ మిఠాయి తీసి ఆవిడ నోటి దగ్గర పెట్టింది. మొగుడు తిననిది తనెందుకు తినాలని డబ్బాలక్క ఈ సీజనంతా ఒక్క పలుకు కూడా నోట్లో వేసుకోలేదు.

"ఇవాళ కూడానా? నోరు తీపి చేసుకోవే, ఇంత మంచి కబురు చెప్పి!" అంది ఓనరమ్మ.

డబ్బాలక్క నోరు తెరిచింది. ఇన్నాళ్ళ తర్వాత ఆ తీపి నాలుకకి తగిలేసరికి కళ్ళు మూతలుపడ్డాయి.

"ఏ ల్యాబులో చేయించుకున్నాడక్కా?" అనడిగింది బిల్లు కొట్టే అమ్మాయి.

"డిపో పక్కసందులోది" అంది నోటినిండా మిఠాయితో.

"అది మూసేశారు కదక్కా! సెలవులని అట్ట తగిలించి తాళం వేశారు. మా నాన్న రిపోర్టు కోసం నిన్న వెళ్ళి ఊరికే తిరిగొచ్చాను."

డబ్బాలక్క నమలడం ఆపేసింది.

ల్యాబు లేనప్పుడు తగ్గిందని ఎవరు చెప్పారు? అసలు ఆయన తగ్గింది అనలేదు. తగ్గిపోయింది అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదు. ఇంత మంచి కబురు చెప్పేవాడు "నువ్వొకసారి" అని ఎందుకు నీళ్ళు నములుతాడు? నువ్వొకసారి రా అనబోయాడా? డాక్టరు చెప్పిన జాగ్రత్తల్లో వినీ విననట్టు వదిలేసిన మాట ఒకటి ఇప్పుడు చెవిలో గట్టిగా మోగింది. "షుగరు పెరిగితే మెల్లగా దెబ్బ తీస్తుందమ్మా. ఉన్నట్టుండి పడిపోతే మాత్రం టైమివ్వదు. చెమటలు పడతాయి, మనిషి తెలివిలో ఉండడు. వెంటనే తీపి పెట్టాలి." తగ్గాలి తగ్గాలి అని ఇన్నాళ్ళూ జపం చేసిన మనిషికి, తగ్గడంలో కూడా చావు ఉంటుందంటే ఎలా తలకెక్కుతుంది?

చీమకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. నోట్లో మిఠాయి కరగలేదు, మింగుడు పడలేదు, ఉమ్మడానికి చెయ్యి రాలేదు. కండక్టరుకి కలిపింది.

"వదినా! నీకు వందేళ్ళు!" వెనకాల జనం కేకలు. "నువ్వు చెప్పినట్టే కాపలా కాస్తున్నాం. అన్న ఇందాకటినుంచి చాక్లెట్టు చాక్లెట్టు అని ఒకటే గొడవ. మేమిస్తామా? టీ అడిగితే చక్కెర లేకుండా ఇప్పించాను. ముట్టుకోలేదు."

"ఎక్కడున్నాడు?"

"బండిలోనే, సీట్లో కూర్చున్నాడు. బండి బాలేదు, తియ్యనని తాళం నా చేతిలో పెట్టాడు. జనం తిడుతున్నారు. చెమటలు గిమటలు తెప్పించుకుని భలే చేస్తున్నాడు వదినా ఈసారి..."

"నాటకం కాదు తమ్ముడూ! తీపి పెట్టు! ఏదుంటే అది పెట్టు! చక్కెర నోట్లో పొయ్యి!"

కండక్టరు పకపకా నవ్వాడు. "పరీక్ష పెడుతున్నావా? నువ్వు ఫోన్ చేసి చెప్పినా పెట్టొద్దన్నది నువ్వే కదా! నేను పడను వదినా. అబ్బ, వస్తున్నానయ్యా, ఆ తలుపు బాదకు..." ఫోను కట్టయింది.

మళ్ళీ చేస్తే తియ్యలేదు.

డబ్బాలక్క రిబ్బను కట్టని డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని పరిగెత్తింది. వెనకనుంచి ఓనరమ్మ ఏదో అరిచింది. వీధి నిండా జనం, అందరి చేతుల్లోనూ సంచులు, అందరికీ తీరికే. ఒకరు తప్పుకుంటే ఇంకొకరు అడ్డం. కాగితం టోపీ ఎక్కడో ఎగిరిపోయింది. దారి పొడుగునా ఆవిడకి పళ్ళెంలోంచి సగం తీసేస్తున్న తన చెయ్యే కనపడింది. తలనొప్పిగా ఉందే అన్నాడు. నేను విన్నానా? కాపలా కాపలా అని ఊరందరినీ పెట్టి, ఆ మనిషికి గుక్కెడు తీపి దొరక్కుండా అన్ని తలుపులూ నేనే మూశాను. ఆఖరికి నా గొంతు కూడా నేనే నొక్కుకున్నాను. దేవుడా, ఆ మనిషిని ఆ కుర్చీలోనైనా కూర్చోబెట్టు. ఊగితే ఊగనీ. ఉండనీ.

డిపోలో బస్సు ప్లాట్‌ఫారం దగ్గరే ఉంది. జనం దాని రేకుల మీద అరచేతులతో బాదుతున్నారు. డబ్బాలక్క వాళ్ళని మోచేతులతో తోసుకుంటూ పైకెక్కింది.

చీమ స్టీరింగు మీద తల ఆనించి ఉన్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ముందున్న అద్దం గట్టు మీద చక్కెర లేని టీ మీగడ కట్టి ఉంది. పిలిస్తే తలెత్తాడు. ఆ చూపు ఆవిణ్ణి దాటుకుని ఎటో వెళ్ళింది, కొత్త మనిషిని చూసినట్టు. ఆవిడ మిఠాయి చిదిమి నోటి దగ్గర పెట్టింది. చీమ ఆ చేతిని పక్కకి నెట్టాడు.

"వద్దు" అన్నాడు మాట ముద్దగా. "మా ఆవిడ ఊరుకోదు."

డబ్బాలక్క ఆయన మొహాన్ని తన వైపు తిప్పుకుంది.

"నేనేనయ్యా మీ ఆవిణ్ణి. నేనే పెడుతున్నాను. తిను."

"వద్దమ్మా. ఒక్కటే అంటారు. పరీక్షుంది నాకు."

"నీ కాళ్ళు పట్టుకుంటానయ్యా, ఒక్కటే. ఈ ఒక్కటే తిను."

జీవితంలో మొదటిసారి ఆ మాట తన నోటినుంచి తనే వింది. చీమ పెదాలు బిగించాడు. ఇన్నాళ్ళూ ఏ తీపికీ మూతపడని నోరు ఇప్పుడు మూసుకుంది. ఆవిడ వేలిని మిఠాయిలో అద్ది ఆ పెదాల మీద రాసింది. మళ్ళీ రాసింది. నాలుక కొస మెల్లగా బయటికొచ్చి, అలవాటు కొద్దీ, దాన్ని తుడుచుకుపోయింది.

టీ కొట్టాయన అప్పటికి మెట్టు మీద నిలబడి చూశాడు. ఆయన మొహంలో రంగు పోయింది. ఒక్క ఉదుటున వెళ్ళి గ్లాసులో చక్కెర కుమ్మరించి, నీళ్ళు పోసి తిప్పుకుంటూ తెచ్చాడు. డబ్బాలక్క చీమ తల తన భుజానికి ఆనించుకుని, గుటక పడిందో లేదో గొంతు మీద వేలు పెట్టి చూసుకుంటూ, కొద్దికొద్దిగా పట్టింది. కండక్టరు వెనకాల నిలబడి "నాకేం తెలుసు వదినా, నాకేం తెలుసు" అని అదే మాట అంటూనే ఉన్నాడు. వాడి తప్పేముంది? చెప్పింది చెప్పినట్టు చేశాడు.

కాసేపటికి చీమ కళ్ళు ఒకచోట నిలిచాయి. ఆవిడ మొహం మీద నిలిచాయి.

"నువ్వెప్పుడొచ్చావే?" అన్నాడు. తర్వాత డబ్బా చూసి ఉలిక్కిపడ్డాడు. "నేను తినలేదే! ఒట్టు!"

డబ్బాలక్క ఏడుస్తూ ఆ భుజం మీద ఒక్కటి చరిచింది.

"బండెందుకు కదల్లేదు?" అంటూ డిపో మేనేజరు పైకెక్కాడు. చొక్కా మీద మిఠాయి పొడి, సగం తాగిన గ్లాసు, తడిసిన డ్రైవరు, ఏడుస్తున్న ఆడమనిషి. ఒక్కొక్కటీ చూశాడు. "ఏం జరిగింది?"

"బండి బాలేదు సార్" కండక్టరు ముందే అందుకున్నాడు. "స్టార్ట్ అవడం లేదు."

డబ్బాలక్క కూడా అబద్ధానికి నోరు తెరిచింది. ఎండదెబ్బ అందామా, నిద్ర చాలలేదందామా? నిజం బయటపడితే పరీక్ష దాకా కూడా ఆగరు. తాళం ఇప్పుడే పోతుంది. ఆవిడ చీమ మోచెయ్యి నొక్కింది, మాట్లాడకు అని. ఇన్నాళ్ళూ జేబులో కాగితానికే కథలల్లిన మనిషి, ఇంతదానికి ఒక్క కథ అల్లలేడా?

చీమ స్టీరింగు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"బండి బాగానే ఉంది సార్" అన్నాడు. "నేనే బాలేను. షుగరు పడిపోయింది. చేతులు చెప్పినమాట వినలేదు. వెనకాల పిల్లలున్నారు. అందుకే తియ్యలేదు."

రేకులు బాదుతున్న చప్పుడు ఆగిపోయింది. మేనేజరు కండక్టరు వైపు చెయ్యి చాపాడు. కండక్టరు చీమ వంక చూశాడు, డబ్బాలక్క వంక చూశాడు, తాళం ఆ చేతిలో పెట్టాడు.

"పరీక్ష అయ్యేదాకా ఇది నా దగ్గరుంటుంది" అన్నాడు మేనేజరు. "ఆ తర్వాత డాక్టరు ఏమంటాడో నేను చెప్పలేను. ముందు ఆస్పత్రికి వెళ్ళు."

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టింది. "మాత్రలు పెంచి తిండి తగ్గిస్తే పడిపోదా మరి? తీపి మానమంటే అన్నం మానమనా అర్థం?" అని మాత్రలు మార్చింది. వేళకి కడుపు నిండా తినమంది. చివర్లో, "ఇక మీదట జేబులో ఎప్పుడూ నాలుగు చాక్లెట్లు ఉంచుకో. షుగరు పడిపోయినట్టనిపిస్తే వెంటనే వేసుకో. ఊరికే మాత్రం తినకు" అంది. జేబు అన్న మాట వినగానే మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

తిరిగి ఇంటికి బస్సులోనే వెళ్ళారు. డ్రైవరు ఎవరో కుర్రాడు. చీమ వాడి వెనక సీట్లోనే కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు కింద రేకుని నొక్కుతోంది. తాళం మళ్ళీ చేతికొస్తుందా? ఇద్దరికీ కిటికీలోంచి ఎటు చూసినా ఆ కుర్చీయే కనపడుతోంది.

డబ్బాలక్క కొంగులోంచి, డిపోలో బయల్దేరేటప్పుడు టీ కొట్టాయన చేతిలో పెట్టిన చాక్లెట్ల పొట్లం తీసింది. రోజూ తిరగేసి, మూలలు గీకి వాసన చూసే ఆ జేబులోనే గుప్పెడు వేసింది. చీమ జేబు వంక చూసుకున్నాడు. ఆ చూపులో ఆశ లేదు, భయమే ఉంది.

"ఎన్నున్నాయో లెక్కపెట్టుకున్నావా?" అనడిగాడు.

"లేదు."

"లేదూ?" నమ్మలేనట్టు ఆవిడ వైపు తిరిగాడు. "ఎందుకని?"

డబ్బాలక్క కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"ఇవాళ ఎవరూ వద్దనకపోయినా బండి తియ్యలేదుగా నువ్వు."

చీమ జేబుకి గుండీ పెట్టుకున్నాడు.